తప్పు జవాబులు కావాలి

మా పెద్దమ్మ కామేశ్వరమ్మ రిటైరయిన మరుసటేడు ఛత్రినాక కూరగాయల మార్కెట్లో ఆవిడకో పేరు పడింది. తప్పుల టీచరమ్మ. కనబడ్డ పిల్లలనల్లా ఆపి ఒక లెక్క అడిగేది. సరైన జవాబు చెప్పినవాణ్ణి "ఊఁ, మంచిది, వెళ్ళు" అని పంపేసేది. తప్పు చెప్పినవాడు దొరికితే మాత్రం మొహం చేటంత చేసుకుని, "అలా ఎందుకనిపించింది నాయనా?" అని పక్కన కూర్చోబెట్టుకుని చేతిలో పిప్పరమెంటు పెట్టేది. కూరగాయల సంచీ నేను మోసేదాన్ని. ఎవరైనా తెలిసినవాళ్ళు ఎదురైతే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఎవర్నీ అనుకుని లాభం లేదు. ఆ పని ఆవిడకి అంటగట్టింది నేనే.

2005లో నేను అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఇంటర్నెట్‌లో పాఠాలు పెట్టి చదువు చెప్పే కంపెనీ. అప్పట్లో ఆ మాట చెబితే చుట్టాలు నన్ను జాలిగా చూసేవాళ్ళు. మా మేనేజరు అమరనాథ్ గారు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టేవాళ్ళ కోసం తెలుగులో లెక్కల పాఠాలు చేయిద్దామన్నారు. బడి మానేసి పనుల్లో పడ్డవాళ్ళు, మళ్ళీ చదువుకోవాలని ఆశపడేవాళ్ళు, వాళ్ళ కోసం. చెప్పడానికి ఓపికున్న టీచరు కావాలన్నారు. ఓపిక సంగతి ఎలా ఉన్నా, మొండితనంలో మా పెద్దమ్మని మించినవాళ్ళు నాకు తెలియదు. ఆవిడ పేరు చెప్పాను.

పెదనాన్న రాధాకృష్ణమూర్తికి సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ళు రేపల్లె నుంచి వచ్చి శాలిబండలో ఒక వాటా అద్దెకి తీసుకున్నారు. కొన్నాళ్ళుండి చిక్కడపల్లి వైపు మారిపోదామనుకున్నారట, మనవాళ్ళంతా అక్కడున్నారని. ఈలోగా పెద్దమ్మ పక్క సందులోని బళ్ళో లెక్కల టీచరుగా చేరింది. ఇక కదల్లేదు. ఆ బళ్ళో ఆవిడ గురించి ఒక సంగతి చెప్పుకునేవారు. పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు ఇంటూ గుర్తు పెట్టేది కాదు. లెక్క ఎక్కడ పెడదారి పట్టిందో ఆ అంకె చుట్టూ చిన్న సున్నా చుట్టి వదిలేసేది. "ఇంటూ కొడితే వాడికి తెలిసేదేమిటి, నాకు కోపమొచ్చిందనేగా?" అనేది. హెడ్‌మాస్టర్లు మారారు, ఆవిడ పద్ధతి మారలేదు. పెదనాన్న మాత్రం, "ఇంట్లో నాకు ఇంటూలే పడతాయి, సున్నాలన్నీ పిల్లలకే" అనేవాడు.

వాళ్ళింట్లో నెట్ లేదు. వాన చినుకు పడితే ఫోనే మూగబోయేది, ఇక నెట్ ఎక్కడ? అందుకని ఆఫీసువాళ్ళు ఒక పాత కంప్యూటరు, ఒక మైకు, ఒక సీడీ ఇచ్చారు. పాఠాలు పూర్తయ్యేదాకా నన్నూ వాళ్ళింట్లోనే ఉండి చేయించమన్నారు. ఆ సీడీలోని సాఫ్ట్‌వేరుకి నెట్‌తో పనిలేదు. ఇంట్లోనే కూర్చుని పాఠం రాసుకోవచ్చు, బొమ్మ గీయొచ్చు, గొంతు రికార్డు చేయొచ్చు, ప్రశ్నలు పెట్టొచ్చు. నెట్‌లో ఎలా కనబడుతుందో ఇక్కడే నడిపి చూసుకోవచ్చు కూడా. అంతా అయ్యాక నేను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సెక్కి తీసుకెళితే, ఆఫీసులో దాన్ని నెట్‌లోకి ఎక్కిస్తారు. పెద్దమ్మ మౌసు పట్టుకోవడం వారంలో నేర్చేసుకుంది. సుద్దముక్క పట్టినట్టు మూడు వేళ్ళతో పట్టేది, అది వేరే విషయం.

చిక్కు ప్రశ్నల దగ్గర వచ్చింది. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులుండాలి, ఒకటి ఒప్పు, మూడు తప్పు. ఒక్కో జవాబు కింద ఒక ఖాళీ గడి ఉంటుంది.

"ఈ గడి ఎందుకే మైథిలీ?"

"ఆ జవాబు నొక్కినవాడికి కంప్యూటరు ఏం చెప్పాలో అక్కడ రాయాలి పెద్దమ్మా. తప్పు, మళ్ళీ ప్రయత్నించండి అని పెట్టేయ్. అందరూ అదే పెడతారు."

"మరి ఈ తప్పు జవాబులు?"

"ఏదో ఒక అంకె పడేయ్."

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "ఏదో ఒక అంకె పడేస్తే ఎవడు నొక్కుతాడే దాన్ని? తప్పు చేసేవాడు ఊరికే చెయ్యడు. వాడికో దారి కనబడుతుంది, ఆ దారిన పోతాడు. ఏ దారిన పోయాడో మనకి తెలిస్తేనే కదా, ఈ గడిలో వాడితో మాట్లాడగలం!"

సరే మాట్లాడమన్నాను. అక్కణ్ణించి మొదలైంది. తన కాలంనాటి తప్పులు ఆవిడకి కంఠతా వచ్చు గానీ, బడి మానేసి ఏళ్ళు గడిచినవాళ్ళు ఎలాంటి తప్పులు చేస్తారో తెలియదు. తెలియనిది రాయదు. సంచీ పట్టుకుని తప్పుల కోసం బయల్దేరింది.

బడి మానేసి మార్కెట్లో పనులు చేసే పిల్లల దగ్గర ఆ వ్యాపారం కొన్నాళ్ళే సాగింది. తప్పు చెబితే పిప్పరమెంటు వస్తుందని కనిపెట్టేశారు. రెండు రెళ్ళు ఎంతంటే వంద అనేవాళ్ళు. పెద్దమ్మ నొచ్చుకుంది. "కావాలని చేసింది తప్పెలా అవుతుందే, అది అబద్ధం. నాకు నిజమైన తప్పులు కావాలి" అంది. నిజమైన తప్పులట! నాకు నవ్వాగలేదు.

అవి పొద్దున్నే పాల క్యానుతో గుమ్మంలోకే వచ్చాయి.

మహేందర్ వాళ్ళది ఛత్రినాకలో తరాల నాటి పాడి ఇల్లు. నాలుగు బర్రెలు, తల్లి ఎల్లమ్మ, అతను. ఇళ్ళకి పాలు పోశాక, పాలు చల్లబరిచే ఒక కేంద్రంలో టెంపరరీగా పనికి పోయేవాడు. ముప్ఫై దాటినవాడు, మాట తక్కువ. ఆ రోజు పెద్దమ్మ గిన్నె పట్టుకుని నిలబడి, పాలు పోస్తున్నవాణ్ణి అడిగేసింది.

"మహేందర్, సగానికి మూడో వంతు కలిపితే ఎంత నాయనా? ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు."

అతను పాలు పోయడం ఆపాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నన్నెందుకు అడుగుతరు టీచరమ్మా. లెక్కలంటే నాకు దడ."

"ఏదొస్తే అది చెప్పు."

"పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ మూడూ ఐదు. రెండు బై ఐదు."

పెద్దమ్మ గిన్నె అరుగు మీద పెట్టేసి రెండు చేతులూ జోడించినంత పని చేసింది. "మైథిలీ, రాసుకో! రెండు బై ఐదు!"

ఆ తరవాత అతను రోజూ ఒక తప్పు ఇచ్చి వెళ్ళేవాడు. పాలతో పాటు. మైనస్ మూడులోంచి ఐదు తీసేస్తే ప్లస్ ఎనిమిది అన్నాడు, మైనస్సూ మైనస్సూ ప్లస్సని బళ్ళో విన్నానన్నాడు. సున్నా పాయింటు మూడు కన్నా సున్నా పాయింటు ఇరవై ఐదు పెద్దదన్నాడు, మూడు కన్నా ఇరవై ఐదు పెద్దది కాబట్టి. ఒక్కోదానికీ పెద్దమ్మ, "అలా ఎందుకనిపించింది?" అనేది. అతను తడుముకుంటూ చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఒక్కోసారి మధ్యలో ఆగిపోయి, "ఆగుండ్రి, గిట్లెట్లయితది?" అనేవాడు. అప్పుడు పెద్దమ్మ నోరు మూసుకుని ఊపిరి బిగబట్టేది. పొయ్యి మీద పాలు పొంగినా లేచేది కాదు.

అతని కథ అలా మెల్లగా బయటపడింది. టెన్త్‌లో లెక్కలు తన్నేశాయి. మళ్ళీ కట్టాడు, మళ్ళీ తన్నేశాయి. మిగతావన్నీ ఓపెన్ స్కూల్లో గట్టెక్కాడు, లెక్కలొక్కటే మిగిలింది. పాల కేంద్రంలో ఈ ఏడు టెంపరరీ వాళ్ళని పర్మనెంటు చేస్తున్నారు. టెన్త్ పాసైన కాగితం ఉన్నవాళ్ళకే. ఏప్రిల్ పరీక్షలో పాసైతే ఆ వరసలో ఉంటాడు, లేకపోతే ఇక ఉన్న పని కూడా ఉంటుందన్న భరోసా లేదు.

"నా తప్పులు గూడ ఒకలకు పనికొస్తయనుకోలె టీచరమ్మా," అన్నాడొక రోజు. నవ్వుతూనే అన్నాడు. పెద్దమ్మ లోపలికొచ్చి, "విన్నావా?" అంది నాతో. అంతే అంది, కానీ ఆ పూటంతా అన్నం సరిగా తినలేదు.

గడులన్నీ నిండాయి. రెండు బై ఐదు కింద ఆవిడ తన గొంతుతో ఇలా రికార్డు చేసింది: "పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపావు, అవునా? చూడు, అర లీటరు పాలు పోశావు, దాని మీద ఇంకొంచెం పోశావు. గిన్నెలో అర లీటరు కన్నా తగ్గాయా? రెండు బై ఐదు సగం కన్నా తక్కువ కదా." ప్లస్ ఎనిమిది కింద మెట్లబావి చెప్పింది. మూడు మెట్లు దిగి, ఇంకో ఐదు దిగినవాడు పైకెలా వస్తాడని. కిటికీలు బిగించి, కుక్కర్ దింపి, పెదనాన్నని దగ్గొద్దని చెప్పి రికార్డు చేసేది. ఆయన దగ్గొస్తే వీధిలోకి వెళ్ళి దగ్గొచ్చేవాడు.

శివరాత్రి వెళ్ళాక ఆఖరి పెన్‌డ్రైవ్ అమీర్‌పేట చేరింది. నాకు వేరే పని అప్పజెప్పారు, అటు చూడలేదు. పాఠాలు నెట్‌లోకి ఎక్కాయని తెలిసి పెద్దమ్మ మహేందర్‌కి చెప్పింది. పరీక్షకి నెల కూడా లేదు. పాలు పోసే వేళలో రోజుకో లెక్క చాలదు, ఇక నెట్‌లో వరసగా చేసుకోమంది. అతను కొత్త చొక్కా కొన్నంత సంబరంగా తలూపి వెళ్ళాడు.

రెండ్రోజుల తరవాత పాలు పోయడానికి ఎల్లమ్మ వచ్చింది. మర్నాడూ ఎల్లమ్మే. ఆ మర్నాడూ.

"మహేందర్ ఏడీ ఎల్లమ్మా?"

"పానం మంచిగ లేదు."

"జ్వరమా?"

"గట్లనే ఏదో."

వారమైనా ఆ జ్వరం తగ్గలేదు. చివరికి పెద్దమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నిజం చెప్పు ఎల్లమ్మా, వాడికేమైంది? పరీక్ష దగ్గరికొస్తోంది."

ఎల్లమ్మ క్యాను కింద పెట్టింది. ఆవిడకీ ఉంది కోపం, అన్నాళ్ళూ దాచుకుంది. "పరీక్ష రాయడంట. ఏం రాస్తడు? నువ్వే మొకం మీద తప్పు తప్పు అంటివంట. నీ ఇంటికొచ్చినన్ని దినాలు మంచిగ మాట్లాడి, బయట నలుగురి నడుమ గట్లంటరా టీచరమ్మా? నా కొడుకు అన్నం తింటలేడు."

పెద్దమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "నేనా? ఎప్పుడు? ఎక్కడ?"

"ఉస్మాన్‌గంజ్ల, నెట్ దుకాన్ల."

అది ఏమిటో చూద్దామని నేను ఆఫీసుకి సెలవు పెట్టి ఆవిణ్ణి ఆటోలో ఉస్మాన్‌గంజ్ తీసుకెళ్ళాను. ఎండుమిర్చి బస్తాల ఘాటుకి తుమ్ముకుంటూ, ఒక కిరాణా గోదాం మీద మేడ ఎక్కాం. కంప్యూటర్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక చెక్క అడ్డం. పాఠం తెరిచాను. బొమ్మ నిదానంగా, పైనుంచి కిందికి ఒక్కో గీతా దిగింది. మహేందర్ ఏం నొక్కి ఉంటాడో పెద్దమ్మకి తెలుసు. రెండు బై ఐదు నొక్కమంది. హెడ్‌ఫోన్ చెరో చెవికీ పెట్టుకుని విన్నాం.

"తప్పు."

పెద్దమ్మ గొంతే. అనుమానం లేదు. మూడో ప్రశ్నకి వెళ్ళాం. ప్లస్ ఎనిమిది నొక్కాను. "తప్పు." పద్ధతిగా, ఒకేలాగా, ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు. పాల గిన్నె లేదు, మెట్లబావి లేదు.

మహేందర్ ఇక్కడే ఈ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని ఉంటాడు. అతనికి సరైన జవాబులు అప్పటికే తెలుసు. తను ఇచ్చిన తప్పుల్ని పాఠంలో చూసుకుని, గుర్తుపట్టి, వాటికి టీచరమ్మ ఏం చెప్పిందో విందామని మురిపెంగా వాటినే నొక్కి ఉంటాడు. ఒక్కోదానికీ ఈ మాట పడింది. గొంతు వేరేవాళ్ళదైతే మిషన్ అనుకునేవాడేమో. టీచరమ్మ గొంతు! ఆవిడ మైకు పట్టుకుని ఆ మాట అంటేనే కదా అది ఇందులోకి వచ్చేది? అతననుకున్నదాంట్లో తప్పేముంది? నేనైనా అదే అనుకుంటాను. నాకు మా ఆఫీసు మొత్తం మీద ఒళ్ళు మండిపోయింది.

పెద్దమ్మ కళ్ళు మూసుకుని, ఇంకోసారి, ఇంకోసారి అని నొక్కించింది. ఆ మాట చివర చిన్న తోకలాగా ఇంకేదో శబ్దం మొదలై తెగిపోతోంది.

"దశాంశాల పాఠంలోది," అంది. "'తప్పు అనుకోకు నాయనా, ఇక్కడిదాకా సరిగ్గానే వచ్చావు' అన్నాను. మొదటి మాట ఉంచుకుని మిగతాది కోసేశారు."

తిన్నగా అమీర్‌పేట వెళ్ళాం. అమరనాథ్ గారు చెడ్డవాడేం కాదు, పాపం కుర్చీ వేశారు, టీ చెప్పారు. పెద్దమ్మ టీ ముట్టలేదు.

"మేడం, మీరు ప్రతి జవాబుకీ వేరేగా ఆడియో ఇచ్చారు. ఫోన్ లైను మీద నెట్ వాడేవాడికి ఒక్కోటి దిగేసరికి పావుగంట పడుతుంది, వాడు లేచిపోతాడు. ఒకే మాట అయితే ఒక్కసారి దిగుతుంది, అన్నిచోట్లా అదే పనికొస్తుంది. వేరే గొంతు పెడితే అతికినట్టుండదని మీ గొంతులోంచే తీశాం."

"నా గొంతులోంచే తీశారా?" అంది పెద్దమ్మ. "నేను ముప్ఫై ఏళ్ళు బళ్ళో పనిచేశాను బాబూ. ఏ పిల్లాడి మొహం మీదా ఆ మాట అనలేదు. నా చేత అనిపించారు. రోజూ అనిపిస్తున్నారు, నేను ఇంట్లో నిద్రపోతున్నప్పుడు కూడా. నా మాటలు బరువైతే అన్నీ తీసేయండి, ఎవరూ ఏమీ అనకుండా ఊరుకోండి. అంతేగానీ, ఆ ఒక్కటి ఉంచుతారా?"

ఆయన తల దించుకున్నారు. నా మొహం చూశారు, నేను గోడ చూశాను. ఆ మాట తీయిస్తానన్నారు. మిగతావి పెట్టడం మాత్రం నెట్ వేగం పెరిగితే గానీ కుదరదన్నారు. ఆయన చెప్పింది నిజమే, అప్పటి నెట్ అంతే. కానీ నెట్ వేగం పెరిగేదాకా పరీక్ష ఆగదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పెద్దమ్మ ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేనప్పటిదాకా చూడలేదు. "వాడు కబురు పెడితే రాడే. వచ్చినా వినడు. నా నోటి మాట ఇప్పుడు వాడు నమ్మడు," అంది.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళేసరికి గుమ్మం ముందు ఆటో ఉంది. పెదనాన్న మానిటర్‌ని దుప్పట్లో చుట్టి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకొస్తున్నాడు. పెద్దమ్మ ఆటోలో సీపీయూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎక్కడికి?"

"ఛత్రినాకకి. నెట్ లేకుండా నడిచేదే కదా ఇది? ఎక్కడైనా నడుస్తుంది. ఎక్కు."

ఎల్లమ్మ వాకిట్లో పేడ ఎత్తుతోంది. మమ్మల్ని, దుప్పటి మూటనీ చూసి చేతులు కడుక్కుని నిలబడింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. పెద్దమ్మ ముందు గదిలో కుట్టుమిషను బల్ల మీద కంప్యూటరు పెట్టించింది. నేను వైర్లు తగిలించాను. ఎల్లమ్మకి ఎంత కోపమున్నా, కొత్త వస్తువు ఇంట్లోకొస్తే ఊరుకోలేదు, దాని నెత్తిన కుంకుమబొట్టు పెట్టింది. మహేందర్ కొట్టం గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వారంలోనే చిక్కిపోయాడు.

"కూర్చో నాయనా," అంది పెద్దమ్మ.

"వద్దు టీచరమ్మా. నా ఫికర్ చెయ్యకుండ్రి. నాకు గీ సదువు రాసిపెట్టి లేదు."

"రాసిపెట్టి ఉందో లేదో తరవాత చూద్దాం. నువ్విచ్చిన తప్పు నొక్కు."

అతను కదల్లేదు. ఎల్లమ్మే విసుక్కుంది. "ఒత్తరాదుర, ఆమె గంత దూరం మోస్కొచ్చింది."

వచ్చాడు. బల్ల దగ్గర వంగి, వేలితో మౌసుని ఒక్కసారి నొక్కాడు. రెండు బై ఐదు.

"పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపావు, అవునా?" అంది కంప్యూటరు, పెద్దమ్మ గొంతుతో. అర లీటరు పాలు, గిన్నె, అంతా వచ్చింది. అతను ఇంకోటి నొక్కాడు. మెట్లబావి వచ్చింది. ఇంకోటి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పెద్దమ్మ పక్కన నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు, తెర మీది పెద్దమ్మే మాట్లాడింది.

అన్నీ విన్నాక అతనన్నాడు, "మరి అక్కడ గట్లెందుకన్నరు?"

జరిగింది చెప్పాను నేను. నెట్ వేగం, ఆడియో బరువు, కోసిన మాట. అతనికి వివరంగా చెప్పాల్సిన అవసరం రాలేదు. "మీగడ తీస్కొని నీళ్ళు పోసిండ్రన్నట్టు," అన్నాడు. పాలవాడు కదా. తరవాత పెద్దమ్మ మొహం వైపు చూడకుండా అన్నాడు, "నేను మీరే అనుకున్న టీచరమ్మా. మస్తు బాధైంది."

"నాకూ అయింది," అంది పెద్దమ్మ.

కంప్యూటరు ఛత్రినాకలోనే ఉండిపోయింది. పాలు పిండాక, కేంద్రం నుంచి వచ్చాక, అతను దాని ముందు కూర్చునేవాడు. పెద్దమ్మ నాలుగైదు రోజులకోసారి వెళ్ళేది. వెళ్ళిన ప్రతిసారీ ఆ గదిలో మనుషులు పెరిగేవారు. పక్కింటి ఆటో డ్రైవరు అంజన్న, ఎల్లమ్మ ఆడపడుచు కూతురు, ఇంకెవరో. కంపెనీకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని నేను కొంత సతమతమయ్యాను. చెప్పలేదు. కంప్యూటరు వాళ్ళదే గానీ, గొంతు పెద్దమ్మది.

పరీక్ష రోజున పెద్దమ్మ నన్ను ఆఫీసుకి పోనివ్వలేదు. పరీక్ష జరిగే బడి బయట, ప్రహరీ గోడ నీడలో, ఎల్లమ్మతో కలిసి నిలబడ్డాం. ఎల్లమ్మ కొంగున కట్టుకొచ్చిన అమ్మవారి పసుపు బండారు మాటిమాటికీ తడిమి చూసుకుంటోంది. ఎండ దంచుతోంది. గంట కొట్టారు. జనం బయటికొచ్చారు. పిల్లల మధ్య తలా భుజం ఎత్తుగా మహేందర్ వస్తున్నాడు. అతని మొహం చూస్తే నాకేమీ తెలియలేదు, నవ్వూ లేదు, దిగులూ లేదు. ఏదో లెక్క వేసుకుంటూ నడుస్తున్నట్టున్నాడు.

ఫలితాలు జూన్‌లో వచ్చాయి. పాసయ్యాడు, గట్టెక్కేటన్ని మార్కులతో. పాల కేంద్రంలో వరసలోకి వచ్చాడు. ఆ సంగతులన్నీ తరవాత. ఆ రోజు గోడ నీడలో మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. పెద్దమ్మ, "ఎలా రాశావు?" అని అడగబోయి అడగలేకపోయింది.

అతనే చెప్పాడు.

"బావి లెక్క ఒకటొచ్చింది టీచరమ్మా. అడ్డం కొలత పద్నాలుగు మీటర్లన్నడు. పైన మూత వెయ్యాలె, ఎంత జాగా అని. నేను పద్నాలుగు పెట్టి చేసిన. ఆరొందల పదహారొచ్చింది. పేపరిచ్చి బయటికొస్తుంటె ఎర్కైంది. అడ్డం కొలత గాదు, దాంట్ల సగం పెట్టాలె. ఏడు. నూట యాభై నాలుగు రావాలె. నేను నాలుగింతలు జేసిన."

"ఎవరైనా చెప్పారా నీకు?"

"ఎవ్వల్లు చెప్పలె. నడుస్తుంటె నాకే దొరికింది." అని, కొంచెం సిగ్గుపడుతూ, "గంత పెద్ద బావి యాడుంటది అనిపించింది," అన్నాడు.

పెద్దమ్మ ముందుకొచ్చింది. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. లెక్క తప్పు చేసొచ్చినవాడి చెయ్యి పట్టుకుని అంత వెలిగిపోయిన మొహాన్ని నేనింకెక్కడా చూడలేదు.

ఎల్లమ్మకి ఓపిక అయిపోయింది. "నాకేం సమజైతలేదు. తప్పు చేసిండంటడు, మీరు నవ్వుతున్నరు. పాసైతడా, కాడా? జర సక్కగ చెప్పు టీచరమ్మా!"

"అది నాకూ తెలియదు ఎల్లమ్మా," అంది పెద్దమ్మ. "కానీ తన తప్పు తనే పట్టుకున్నాడు. ఇక వీడికి నాతో పనిలేదు."

నవ్వుతూనే అంది. అంతలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుని, కొంగుతో తుడుచుకోవడానికి అతని చెయ్యి వదిలింది.